కుట్టే చేతికి ధర చెప్పే హక్కు

పేద మహిళల అభ్యున్నతి అనగానే ప్రభుత్వాలకైనా స్వచ్ఛంద సంస్థలకైనా మొదట తోచేది శిక్షణ. కొన్ని నెలలపాటు కుట్టో, అల్లికో, అద్దకమో నేర్పిస్తారు. ఆఖరి రోజున కుట్టుమిషను, ధ్రువపత్రం చేతికిచ్చి ఫొటో తీస్తారు. ఆ మర్నాటి నుంచి ఏం జరిగిందన్నది చాలా నివేదికల్లో కనిపించదు. పని ఎవరిస్తున్నారు, ముక్కకు ఎంత కడుతున్నారు, ఆ డబ్బు ఎన్నాళ్ళకు వస్తోంది, వచ్చాక ఇంట్లో ఎవరి చేతిలో పడుతోంది? జీవితం మారేదీ మారనిదీ తేలేది ఈ ప్రశ్నల దగ్గరే. నైపుణ్యానికి ఏ లోటూ లేకపోయినా తరాల తరబడి పేదరికంలోనే మిగిలిపోయిన చేతులు మన కళ్ళముందే ఉన్నాయి.

నరసాపురం లేసు కథ చూడండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాకు తెచ్చిన అల్లిక అది. కొక్కెం సూది, నూలుదారం ఉంటే చాలు, ఇంటి అరుగుమీద కూర్చుని చేసుకోవచ్చు. క్రమంగా అది విదేశాలకు వెళ్ళే సరుకైంది, దాని చుట్టూ వ్యాపారులు, ఎగుమతిదారులు ఎదిగారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో పుస్తకంగా వెలువరించారు. ఆమె చూసేనాటికి పని ముక్కలుగా చీలిపోయి ఉంది. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది, కాజాకుట్టు ఇంకొకరిది. దారం తెచ్చి ఇచ్చేది ఏజెంటు, పూర్తయిన సరుకు పట్టుకుపోయేదీ ఏజెంటే. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద వంగి కూర్చునే స్త్రీకి తాను అల్లిన పువ్వు చివరికి ఏ రూపం దాలుస్తుందో, ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతుందో తెలిసే దారి లేదు. పైగా ఆమెను పనివారి లెక్కలోనే వేయలేదు. వ్యాపారుల దృష్టిలో ఆమె తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణి. ఇంట్లోవారూ అలాగే అనుకున్నారు. చాలాసార్లు ఆమె కూడా అలాగే అనుకుంది. గృహిణి అన్న ఆ ఒక్క ముద్ర వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందని మీస్ నిరూపించారు.

అమర్త్యసేన్ 1990లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ పరిశోధనను ఎత్తుకుని, దాని పక్కన మరో ఉదాహరణ పెట్టారు. అది అలహాబాదు బీడీ కార్మిక మహిళల గురించి జరీనా భట్టీ చేసిన అధ్యయనం. బీడీలు చుట్టడంలో లేసు అల్లికలోని సొగసు లేదు, ఆరోగ్యానికి అది చేటు కూడా. అయినా ఆ స్త్రీల పనిని ఇల్లూ ఊరూ సంపాదనగా గుర్తించాయి, దాంతో కుటుంబంలో వారి మాటకు బరువు పెరిగింది. సేన్ వాదన ఇలా సాగుతుంది. కుటుంబంలో సహకారమూ ఉంటుంది, పోటీ ప్రయోజనాలూ ఉంటాయి. ఎవరి వాటా ఎంతన్నది తేల్చడంలో ఎవరు ఎంత కష్టపడ్డారన్న నిజం కన్నా, ఎవరి కష్టం కనబడుతోందన్నదే ఎక్కువ పనిచేస్తుంది. తెగతెంపులైతే ఎవరు తమ కాళ్ళమీద నిలబడగలరన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండూ అర్థమైతే చేతిపని పథకాల్లో ఎక్కడ దెబ్బ తింటున్నామో తెలుస్తుంది. ఆదాయం కొద్దిగా పెరిగినా ఆ పని కనబడకుండా ఉండిపోతే ఇంట్లో ఆమె స్థానం మారదు. కష్టం లెక్కలోకి వచ్చినప్పుడే బేరమాడే శక్తి వస్తుంది.

కష్టం లెక్కలోకి రాకుండా అడ్డుపడేది మొట్టమొదట ముక్క కూలి. ముక్కకింత అని కట్టే పద్ధతిలో గంటలు మాయమవుతాయి. ఒక బల్లగుడ్డ అంచు అల్లడానికి 30 గంటలు పడుతుందనుకుందాం, దానికి 450 రూపాయలు ముట్టిందనుకుందాం. గంటకు 15 రూపాయలు పడినట్టు. పొయ్యి మీద ఎసరు పెట్టి కాసేపు, పిల్లల్ని పడుకోబెట్టి కాసేపు చేసే పని కనుక ఆ 30 గంటలను ఎవరూ కూడరు. దారం కోసం ఏజెంటు ఇంటికి నడిచిన సమయం, తప్పు పోయిందని విప్పి మళ్ళీ అల్లిన సమయం, రాత్రి వెలిగిన దీపం, నలభై దాటక ముందే వచ్చిన కళ్ళజోడు, ఇవేవీ ధరలోకి రావు. మరక పడిందనో కొలత తేడా వచ్చిందనో ముక్కను వెనక్కి తోసేస్తే ఆ నష్టమూ ఆమెదే. ఇక అన్నిటికన్నా బాధాకరమైనది, తల్లి ఒక్కతే గడువులోగా పూర్తిచేయలేని పనికి కూతురు సాయం కూర్చోవడం. మొదట బడి నుంచి వచ్చాక కూర్చుంటుంది. ఆర్డరు పెద్దదైతే బడికే వెళ్ళదు. కూలి రేటు తక్కువైన ప్రతిచోటా ఆ లోటును పూడ్చేది ఒక పిల్ల చదువే.

దీనికి విరుగుడు తెలియనిదేమీ కాదు. కొత్త నమూనా వచ్చినప్పుడు దాన్ని అందరికన్నా చేయి వేగమున్న మనిషితో కాకుండా సగటు పనిమంతురాలితో, పదిమంది ఎదుట చేయించి కాలం లెక్కపెట్టాలి. ఆ గంటలకు కనీస వేతనం తగ్గకుండా రేటు కట్టి, దానిపైన దారం, దీపం, రవాణా ఖర్చులు వేయాలి. కష్టమేమీ లేని లెక్క ఇది. కానీ ఆ లెక్క వేసే చోట కుట్టే మనిషి కూడా కూర్చుని ఉండాలి, అసలు పేచీ అదే.

ధర ఎంత అన్నదానితో సమానంగా బతుకును శాసించేది డబ్బు ఎప్పుడొస్తుందన్నది. బంగ్లాదేశ్‌లో మానిక్‌గంజ్ ప్రాంతపు పేద స్త్రీలు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహంతో పట్టు పని మొదలుపెట్టినప్పుడు ఢాకాలో కొనేవారు దొరికారు. అయితే సరుకు అమ్ముడుపోయాకే చెల్లింపు. అందుకు నెలలు పట్టేది. రేపటి బియ్యానికి ఈరోజు డబ్బు కావలసిన మనిషి నెలల తరబడి ఎలా ఆగగలదు? 1978లో బ్రాక్ సొంతంగా ఆరోంగ్ అనే దుకాణం తెరవడానికి ఇదే ప్రధాన కారణం. సరుకు అందిన వెంటనే చేసినవారికి డబ్బు చెల్లించాలన్నది దాని పుట్టుకలోనే ఉన్న ఉద్దేశం. ఇప్పుడది ఆ దేశంలో అతి పెద్ద చేతిపని విక్రయ సంస్థల్లో ఒకటి. ఈ ఉదంతంలో గమనించవలసింది వ్యాపార విజయం ఒక్కటే కాదు. చెల్లింపు ఆలస్యమైతే ఆ మధ్యకాలం గడవడానికి స్త్రీ అప్పు చేస్తుంది. చాలాచోట్ల ఆ అప్పిచ్చేవాడూ, పనిచ్చేవాడూ ఒకడే అయి ఉంటాడు. బాకీ పడిన మనిషి రేటు గురించి నోరెత్తలేదు, మరో కొనుగోలుదారు దగ్గరికి వెళ్ళలేదు. కూలి తక్కువగా ఉండటానికి వెనుక చాలాసార్లు ఇలాంటి అప్పు ముడి ఉంటుంది. చేతిపని సంస్థ ఏదైనా తాను న్యాయంగా ఉన్నానని చెప్పుకుంటే ముందుగా చూడవలసింది దాని చెల్లింపుల పుస్తకాన్నే.

గుజరాత్‌లోని కచ్ ప్రాంతం మరో కోణం చూపిస్తుంది. 1969 కరవు కాలంలో సహాయ కార్యక్రమాలకని ధనేటి గ్రామానికి వెళ్ళిన చందా ష్రాఫ్‌కు అక్కడి ప్రజలు దానం కన్నా పని కోరుకుంటున్నారని అర్థమైంది. ఆకలితో ఉన్న ఆ అహిర్ సముదాయపు స్త్రీల ఒంటిమీద ఉన్న దుస్తులకు మాత్రం అద్భుతమైన కుట్టుపని ఉంది. పెళ్ళికీ పండుగకూ తమ కోసం తాము కుట్టుకున్న పని అది. ఆమె చీరలు తెచ్చి వారితో కుట్టించి అమ్మారు. అలా మొదలైన శ్రుజన్ సంస్థ గ్రామాలకు గుడ్డ, దారం చేరవేసి ఇళ్ళ దగ్గరే పని ఇచ్చే పద్ధతిని పెంచుకుంటూ వచ్చింది. ఈ కృషికి 2006లో ఆమెకు రోలెక్స్ పురస్కారం లభించింది. అక్కడి స్త్రీలకు కొత్తగా ఎవరూ ఏదీ నేర్పలేదన్నది ఇక్కడి విశేషం. వారికి అప్పటికే ఉన్న విద్యకు విలువ కట్టారు. పేద స్త్రీని ఏమీ రాని మనిషిగా భావించి మొదలుపెట్టే శిక్షణకూ, ఆమెకు వచ్చినదేమిటో అడిగి మొదలుపెట్టే పనికీ ఆమె ఆత్మగౌరవం విషయంలో చాలా తేడా ఉంటుంది.

అయితే విలువ కట్టడంతో సమస్య తీరదు. నమూనా ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పట్నంలో చదువుకున్న డిజైనరు గీసిన బొమ్మను గ్రామంలోని స్త్రీ కుట్టిపెడితే, పేరూ లాభమూ గీసినవారికి, కూలి కుట్టినవారికి. తరతరాలుగా రంగులనూ కుట్లనూ తనకు తానుగా కూర్చుకున్న మనిషి ఈ ఏర్పాటులో చేతులు మాత్రమే ఉన్న మనిషిగా కుదించుకుపోతుంది. ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్న ప్రయత్నం కచ్‌లోనే 2005లో మొదలైన కళా రక్షా విద్యాలయ. పనిలో ఉన్న సంప్రదాయ కళాకారులకే డిజైన్ విద్య నేర్పడం దాని ఉద్దేశం. పాఠాలు వారి భాషలో, వారి పని నుంచే తీసిన ఉదాహరణలతో సాగేవి. పైకి చిన్నగా కనిపించే ఈ మార్పు కూలి మనిషిని నిర్ణయాలు తీసుకునే మనిషిగా నిలబెడుతుంది. ఈ దిశలో చేతిపని రంగంలో జరగవలసింది ఇంకా కొండంత ఉంది.

పని చేసే చోటు గురించి కూడా ఆలోచించాలి. ఇంట్లోనే చేసుకోవచ్చన్నది చేతిపనికి పెద్ద సౌలభ్యం. చంటిపిల్లలున్నవారికి, గడప దాటనివ్వని కుటుంబాల స్త్రీలకు అదొక్కటే దారి. కానీ ఆ సౌలభ్యమే ఒంటరితనానికీ కారణమవుతుంది. పక్క వీధిలో అదే పనికి ఎంతిస్తున్నారో తెలియనంత కాలం ఏజెంటు చెప్పిందే రేటు. లక్నోలో 1984లో మొదలైన సేవా లక్నో సంస్థ చికన్ అనే సంప్రదాయ సూదిపని చేసే స్త్రీలను ఒక కేంద్రానికి రప్పించి, దళారులను తప్పించి, సరుకును నేరుగా మార్కెట్‌కు చేర్చడం ద్వారా ఈ ఒంటరితనాన్ని ఛేదించింది. వారంలో ఒక్కరోజైనా పదిమంది ఒకచోట చేరి సరుకు అప్పజెప్పే ఏర్పాటు ఉంటే చాలు, మాటల్లో రేట్లు బయటపడతాయి, ఎవరింట్లో దెబ్బలు పడుతున్నాయో తెలుస్తుంది, ఎవరి పిల్ల బడి మానిందో ఆరా తీస్తారు.

అలాంటి కలయికకు చట్టబద్ధమైన రూపం ఇవ్వడానికి ఎంత పోరాడాల్సి వచ్చిందో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు స్థాపించిన ‘సేవా’ (స్వయం ఉపాధి మహిళల సంఘం) చరిత్ర చెబుతుంది. అహ్మదాబాదులో 1972లో ఆ సంఘాన్ని కార్మిక సంఘంగా నమోదు చేయమని కోరినప్పుడు అధికారులు మొదట అభ్యంతరం చెప్పారు. ఇంట్లో కుట్టేవారికీ తలమీద బరువు మోసేవారికీ ఫలానా యజమాని అంటూ లేడు కదా, ఎవరితో పోరాడతారని వారి ప్రశ్న. సంఘం అనేది ఎవరికో వ్యతిరేకంగా ఉండనక్కర్లేదని, పనివారి ఐక్యతకే ఉండవచ్చని వాదించి నమోదు సాధించారు. 1974లో 4,000 మంది సభ్యులు తలా 10 రూపాయల వాటా వేసుకుని సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం చేయడం రాని స్త్రీలకు బ్యాంకు ఏమిటన్న ఆక్షేపణకు ఫొటో ఉన్న పాసు పుస్తకాలతో జవాబు చెప్పారు. తన పేరుమీద ఖాతా ఉండటం సేన్ చెప్పిన బేరశక్తికి పునాది. భర్తకో మామకో ముట్టే కూలి ఆమె సంపాదనగా ఇంట్లో నమోదు కాదు.

చేతిపని ఇంతకన్నా దూరం వెళ్ళగలదని చూపినవారు అమెరికాలోని అలబామా రాష్ట్రపు నల్లజాతి స్త్రీలు. విల్కాక్స్ కౌంటీలో పత్తి చేలల్లో కౌలుకు బతికిన కుటుంబాలు వారివి. పాతబడిన పనిబట్టలు, పిండి సంచుల గుడ్డలు అతికి బొంతలు కుట్టుకునేవారు. 1960ల్లో ఓటు హక్కు కోసం పేరు నమోదు చేయించుకున్నందుకు ఎందరో పనులు పోగొట్టుకున్నారు, ఇళ్ళ నుంచి గెంటివేతకు గురయ్యారు. ఆ సమయంలోనే, 1966లో, ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం ఏర్పడింది. బొంతలు న్యూయార్కులో వేలం వేశారు. వచ్చిన డబ్బును పంచుకుని ఊరుకోకుండా సంఘం భూమి కొన్నది. అందులో సొంత కుట్టు కేంద్రం కట్టుకుంది, ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలకు స్థలాలు అమ్మింది. భూస్వామి దయమీద ఉన్న మనిషికి సొంత నేల దొరికితే ఓటు వేయడానికి భయం ఉండదు. సూది పనికీ పౌరహక్కుకూ ఇంత దగ్గరి సంబంధం కనిపించే ఉదంతం మరొకటి దొరకడం కష్టం.

ఆ కథలో చేదు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. నిలకడగా ఆదాయం కావాలంటే పెద్ద ఆర్డర్లు కావాలి. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు కార్డురాయ్ గుడ్డతో దిండు కవర్లు కుట్టే ఒప్పందం కుదిరింది. జీతం వచ్చింది, కానీ అందరూ ఒకే కొలతకు ఒకే తీరున కుట్టాలి. ఎవరి బొంత వారిదిగా కనిపించే స్వేచ్ఛ ఆ పనిలో లేదు. తర్వాత 2002లో ఆ పరిసరాల్లోని గీస్ బెండ్ అనే పల్లె స్త్రీల బొంతలు పెద్ద మ్యూజియంలలో కళాఖండాలుగా, కుట్టినవారి పేర్లతో సహా ప్రదర్శనకు వచ్చాయి. వాటిమీది నమూనాలు తివాచీల మీదికీ ఇతర వస్తువుల మీదికీ పాకాయి. తమకు దక్కవలసిన వాటా దక్కలేదంటూ కొందరు స్త్రీలు 2007లో కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. పేరు ప్రఖ్యాతులు వచ్చినంత మాత్రాన హక్కులు వాటంతటవే రావన్నమాట.

మన దగ్గర భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1999 నాటి చట్టం ప్రకారం ఈ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, ఆ పేరుతో వేరేచోటి సరుకు అమ్మకుండా అడ్డుకుంటుంది. సరుకు చేసినవారికి ఎంత ముట్టాలో అది చెప్పదు. అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకునే అవకాశం ఉత్పత్తిదారులందరికీ ఉన్నా, ఆ జాబితాలో వ్యాపారుల పేర్లే నిండి అల్లేవారు బయట మిగిలితే గుర్తింపు ఫలం ఎటు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అట్టడుగున ఉన్న స్త్రీలందరి పరిస్థితీ ఒకటి కాదు. వ్యభిచార కూపం నుంచి, మనుషులను అమ్మే ముఠాల చేతుల్లోంచి, మత్తుమందుల నుంచి బయటపడిన మనిషికి సూదీ దారం ఇచ్చి పని చేసుకోమంటే సరిపోదు. అమెరికాలోని నాష్‌విల్‌లో ఇలాంటి స్త్రీల కోసం బెక్కా స్టీవెన్స్ 1997లో మొదలుపెట్టింది నివాసం. తాళం చెవి తమ చేతిలో ఉండే ఇల్లు, చికిత్స, రెండేళ్ళ వ్యవధి. కొవ్వొత్తులు, ఒంటికి రాసుకునే నూనెలు చేతితో తయారుచేసే థిసిల్ ఫార్మ్స్ వ్యాపారం ఆ తర్వాత 2001లో వచ్చింది. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. రాత్రి నిద్రపోవడానికి భయం లేని చోటు దొరికాకే పగలు చేసే పని మనసుకు పడుతుంది. ఆరు నెలల శిక్షణతో పునరావాసం పూర్తయిందని లెక్క రాసుకునే పథకాలు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాయి, అందుకే వాటిలోంచి ఎందరో తిరిగి పాత చోటికే చేరుతున్నారు.

చేతిపని అన్ని బాధలకూ మందు కాదన్నదీ నిజమే. యంత్రం చేసిన లేసుతో ధరలో పోటీపడితే చేతి లేసు ఓడిపోతుంది. విదేశీ కొనుగోలుదారు ఒక ఏడాది పెట్టిన ఆర్డరు మరుసటి ఏడాది ఉండకపోవచ్చు. ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడిన సంఘం ఆ దెబ్బకు కోలుకోలేదు. ఇంటిపని తగ్గకుండా బయటి పని తోడైతే స్త్రీకి మిగిలేది రెట్టింపు అలసట. వీటిని ముందే ఊహించి పొదుపు, ఆరోగ్యం, పిల్లల సంరక్షణ ఏర్పాట్లు చేసుకున్న సంఘాలే నిలిచాయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా ఇంటి దగ్గర పని చేసేవారు 26 కోట్లు, అందులో స్త్రీలు 14.7 కోట్లు. వీరందరూ చేతిపనివారు కాకపోయినా చేతిపనివారిలో పెద్ద భాగం ఈ లెక్కలోనే ఉన్నారు. వీరిలో ఇతరుల కోసం కూలికి పనిచేసే వారికి మిగతా కార్మికులతో సమాన హక్కులుండాలని ఆ సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని వెనుక సేవా వంటి సంఘాల సుదీర్ఘ పోరాటం ఉంది. ఆ పోరాటానికి పుట్టిల్లైన భారతదేశం మాత్రం ఆ ఒప్పందాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. అది సిగ్గుపడవలసిన విషయం. ఒప్పందంతోపాటు వెలువడిన 184వ సిఫార్సులో, పని ఇచ్చేవారి పేరు, చిరునామా, పని వివరం, కూలి రేటు ఇంటి కార్మికురాలికి రాతపూర్వకంగా తెలపాలని ఉంది. దీపం ఖర్చు వంటివి ఆమెకు తిరిగి చెల్లించాలని కూడా ఉంది. ఈ రెండు నిబంధనలను అమలు చేయడానికి ఢిల్లీ ఆమోదం కోసం ఆగనక్కర్లేదు. చేతిపని బృందాలకు రుణాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వాలు, శిక్షణకు నిధులిచ్చే సంస్థలు ప్రతి ఆర్డరుకూ ఈ వివరాలు రాసిన కార్డు తప్పనిసరి చేస్తామంటే వచ్చే నెలనుంచే మొదలుపెట్టవచ్చు. రేటు, గంటలు, చెల్లింపు తేదీ రాసి ఉన్న ఆ కార్డు ఒక ప్రతి ఏజెంటు దగ్గర, ఒక ప్రతి అల్లే మనిషి దగ్గర ఉండాలి.